గల్లీ మొత్తం వినాలె: లాల్‌దర్వాజాలో హోమ్ థియేటర్ బిగించే పద్ధతి

హోమ్ థియేటర్ పెట్టెలో వచ్చే పుస్తకం మొదటి పేజీలోనే మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. "మీరు ఎక్కడ కూర్చుని వింటారో ముందు నిర్ణయించుకోండి" అంటుంది. ఆ ముక్క రాసినాయన లాల్‌దర్వాజా చూసిన మనిషి కాదు. ఇక్కడ మనం ఎక్కడ కూర్చున్నామన్నది ఎవరికి కావాలి? మన బాక్సుల చప్పుడు సుధా టాకీస్ మలుపు దాటిందా, సందు చివరి కిరాణా కొట్టు దగ్గరే చతికిలబడిందా అన్నది లెక్క. కొనేది మనం, కిస్తీలు కట్టేది మనం, వినాల్సింది మాత్రం గల్లీ. ఈ సూత్రం ఒంటబట్టాక మిగతా పనంతా సులువు.

కొట్టులో నోరు మూసుకోవాల్సిన లెక్క

కోఠీలో గుజరాతీ గల్లీకి పొండి. అట్టపెట్టె ముందువైపు మెరుపుల బొమ్మ మధ్యలో పెద్ద అంకె ఉంటుంది. పక్కన పీఎంపీఓ అని ఉంటుంది. ఆ అంకె చూసి బేరం మొదలుపెట్టండి. పెట్టె వెనక, కింది మూలన, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప ఆనని అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అని ఇంకో అంకె ఉంటుంది. అది ఆంప్లిఫయర్ అలుపు లేకుండా ఇచ్చే అసలు శక్తి. పీఎంపీఓకి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి అంటూ ఏదీ లేదు, కంపెనీవాడి ఉదారతే దాని కొలత. ఉదారంగా ఇచ్చినదాన్ని అనుమానించడం మర్యాద కాదు.

కొందరు తెలివి ఎక్కువై కొట్టులోనే లెక్కలు కడతారు. ఇంట్లో మామూలు సాకెట్టు 6 ఆంపియర్లది, కరెంటు 230 వోల్టులది, రెండూ గుణిస్తే 1380 వాట్లు. గోడలోంచి అంతకుమించి రానప్పుడు పెట్టె మీద 10,000 వాట్లు ఎక్కణ్నుంచి వచ్చాయని అడుగుతారు. ఇలాంటి ప్రశ్న వేస్తే కొట్టాయన చాయ్ తెప్పించడు. అసలు మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మా ఎదురింటోళ్లు ఏది కొన్నరు?" వాళ్లది 100 వాట్లయితే మీరు 200 వాట్లది తీసుకోండి. వాట్లు రెట్టింపైతే చప్పుడు పెరిగేది 3 డెసిబెల్సే అనీ, చెవికి రెండింతలు అనిపించాలంటే పది డెసిబెల్స్, అంటే పదింతల వాట్లు కావాలనీ చదువుకున్నవాళ్లు చెబుతారు. చెప్పనివ్వండి. మూడు డెసిబెల్స్‌తో గెలిచినా గెలుపే.

ఇంటికి తెచ్చాక అట్టపెట్టెను మాత్రం పారేయకండి. అంకె బయటికి కనబడేలా బాల్కనీలో నిలబెట్టండి. చప్పుడు చేరని ఇళ్లకు అంకె చేరుతుంది.

గది

మన ఇళ్లలో హాలు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉంటే దొరతనమే. కింద షాబాదు బండలో టైల్సో, గోడలకు ఆయిల్ పెయింటు, ఒక మూల ఇనుప బీరువా, ఇంకో మూల అద్దాల షోకేసు, దాని నిండా పెండ్లిళ్లలో వచ్చిన స్టీలు గిన్నెలు. పుస్తకం ఈ గదిని చూసి ఏడుస్తుంది. మందపాటి పరదాలు కట్టమంటుంది, నేల మీద జంఖానా పరవమంటుంది, పక్కగోడల మీద చప్పుడు మొదటిసారి తగిలి తిరిగొచ్చే చోట మెత్తటిదేదైనా పెట్టమంటుంది. మెత్తటివి చప్పుడును తాగుతాయి, గట్టివి తిప్పికొడతాయి. వేలు పోసి కొన్న చప్పుడును పరుపులకు తాగించే ఖర్మ మనకేంటి? జంఖానా మడతపెట్టి అటక మీదికి ఎక్కించండి. దివాను మీది పరుపు కూడా తీసేయండి, అతిథులు చెక్క మీద కూర్చుంటే శ్రద్ధగా వింటారు. హీరో ఒక్క మాటంటే అది నాలుగు గోడలకూ తగిలి నాలుగు మాటలై రావాలి. ఏమన్నాడో అర్థం కాకపోతే కింద సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా.

షోకేసులో గిన్నెల కింద రబ్బరు ముక్కలు పెడితే గలగల ఆగుతుందట. ఎందుకు ఆపాలి? 2012లో డాల్బీవాళ్లు అట్మాస్ అని తెచ్చి, నెత్తి మీద కూడా స్పీకర్లు కావాలన్నారు. మన సజ్జ మీది ఇత్తడి బిందెలు ఆ పని ఎప్పట్నుంచో చేస్తున్నాయి, లైసెన్సు రుసుము లేకుండా.

ఊఫర్‌ను ఏ గోడకు ఆనించాలి

అసలు పనంతా ఇక్కడే ఉంది కాబట్టి జర నిమ్మళంగా చదవండి.

ప్రతి గదికీ తనకు ఇష్టమైన కొన్ని బేస్ స్వరాలుంటాయి. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. ఆ వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మొదటిది దొరుకుతుంది. 12 అడుగుల పొడవుకు 47 హెర్ట్జ్, 10 అడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్ దగ్గర. ఆ స్వరం వచ్చినప్పుడు గోడల దగ్గర చప్పుడు కుప్పపడుతుంది, నట్టనడుమ సన్నబడుతుంది. మూలలో అన్నిటికంటే ఎక్కువ. పొడవూ వెడల్పూ సమానమైతే రెండు స్వరాలూ ఒక్కచోటికే చేరి ఇంకా రెచ్చిపోతాయి. అందుకే గది కట్టించుకునేవాళ్లకు నా మొదటి సలహా, చతురస్రంగా కట్టించుకోండి. వాస్తు పంతులు కూడా కాదనడు.

పుస్తకం చెప్పే ఉపాయం వినండి. ఊఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, ఒక బేస్ పాట నడిపించి, మీరు గోడల వెంట నేల మీద మోకాళ్లతో పాకాలట. ఎక్కడ బేస్ ఉబ్బకుండా, తగ్గకుండా సమంగా వినిపిస్తే ఊఫర్‌కు అదే చోటట. ఇద్దరు పిల్లల తండ్రి, ఆఫీసులో సూపరింటెండెంటు, అత్తమ్మ చూస్తుండగా బీరువా వెనకాల పాకుతాడా? పాకితే ఊఫర్ సంగతేమో గానీ అల్లుడికి గాలి సోకిందని నిమ్మకాయలు తెస్తారు.

మన పద్ధతిలో పాకే పని లేదు. ఇంట్లో ఉమ్మడి గోడ ఏదో చూసుకోండి. పాతకాలపు డంగుసున్నం గోడలైతే మూరెడు మందం ఉండేవి, చప్పుడు దాటాలంటే కష్టపడేది. అన్నదమ్ముల పంపకాల్లో ఒక్క ఇల్లు రెండిళ్లయ్యాక నడుమ లేచేది నాలుగంగుళాల ఇటుక గోడ. పల్చటి గోడ సన్న గొంతుల్ని ఆపుతుంది గానీ ఊఫర్ బేస్‌ను ఆపలేదు. ఆ గోడ మూలన, ఊఫర్ వీపు గోడకు తగిలేలా పెట్టండి. గది నడుమ కూర్చున్న మీకు 47 హెర్ట్జ్ వినిపించదు. గోడకవతల మంచమేసుకున్న చిన్నన్నకు మొత్తం వినిపిస్తుంది. పంపకాల్లో బావి మీ వైపు రాలేదన్న బాధ మీకు ఇన్నేళ్లుగా ఉంది, అది కొంత తీరుతుంది. పెద్దమనుషుల పంచాయతీలో ఇంత న్యాయం ఎన్నడూ జరగలేదు.

మేకులున్న చోటే స్పీకర్లు

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్. కూర్చున్నవాడికి ఎదురుగా ఒకటి, ఎడమకూ కుడికీ 30 డిగ్రీల కోణంలో రెండు, పక్కలకు కొంచెం వెనగ్గా 110 నుంచి 120 డిగ్రీల దగ్గర ఇంకో రెండు పెట్టాలని రాసి ఉంటుంది. ముందు మూడూ చెవి ఎత్తులో, వెనకవి చెవికి కొంచెం పైన. కోణమానిని పిల్లల కంపాస్ బాక్సులోనే ఉంది, కానీ మన గోడలకు మేకులు తాతల కాలంలోనే కొట్టి ఉన్నాయి. తాత ఫొటో మేకు, క్యాలెండరు మేకు, అమ్మవారి పటం మేకు, గొడుగు తగిలించే మేకు. నాలుగు మేకులు, నాలుగు స్పీకర్లు. దైవికంగా కుదిరిన లెక్కను డిగ్రీలతో చెడగొట్టకండి. అమ్మవారి పటాన్ని మాత్రం ముట్టుకోవద్దు, ఆ స్పీకరు ఫ్రిజ్ మీదికి పోతుంది.

వెనక రెండు స్పీకర్లూ ఒకే పక్కకు వచ్చాయంటే బెంగ పడొద్దు. రెండో పక్క తలుపుంది, తలుపవతల పిన్ని చదువుకునే పారాయణం ఉంది. బాణాలన్నీ ఎడమవైపు నుంచే వస్తే సైన్యం అటే ఉందనుకోండి.

ఐదోది నడిమి స్పీకరు. సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం దాంట్లోంచే వస్తాయి. టీవీకి కిందో పైనో పెట్టి, మాట తెర మీది నోట్లోంచే వస్తున్నట్టు సర్దాలని నియమం. కానీ సాయంత్రం సీరియల్ వినాల్సినవాళ్లు హాల్లో ఉంటారా? వంటింట్లో ఉంటారు. కాబట్టి నడిమి స్పీకరును వంటింటి గూట్లో పెట్టండి. ఇంటావిడ కూరలో ఉప్పేస్తూ కథ వింటుంది. హాల్లో హీరో పెదాలు కదుపుతాడు, మాట కుక్కరు పక్కనుంచి వస్తుంది, మూడో విజిల్‌తో కలిసి. ఇంట్లో శాంతికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

వైర్ల సంగతి రెండు ముక్కల్లో. స్పీకరుకూ ఆంప్లిఫయర్‌కూ ఎరుపు ఒకటి, నలుపు ఒకటి ఉంటాయి. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు పోవాలంటారు. ఒక స్పీకరుకు తారుమారైతే అది బయటికి నెట్టేటప్పుడు రెండోది లోపలికి లాగుతుంది, నడుమ బేస్ చచ్చిపోతుంది. అనుమానముంటే గోడ గడియారంలోని ఒకటిన్నర వోల్టు సెల్లు తీసి, ఆంప్లిఫయర్‌కు కలపని స్పీకరు వైర్లకు ఒక్క క్షణం ఆనించి చూడొచ్చట. ప్లస్సు ఎరుపుకు తగిలినప్పుడు పొర ముందుకు వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఇంట్లో గడియారం ఆగడం అశుభం. చేతికి ఏ వైరు దొరికితే అది బిగించండి, రంగులు చూసి మనుషుల్ని విడదీయొద్దని పెద్దలు చెప్పనే చెప్పారు.

ఆషాఢం చివరి ఆదివారం కొలతలు

ఇప్పటి రిసీవర్లతో చిన్న మైకు వస్తుంది. దాన్ని కూర్చునేవాడి చెవి ఎత్తులో స్టాండు మీద నిలబెట్టి మీట నొక్కితే, ఒక్కో స్పీకరులోంచి కూత వస్తుంది. మైకు విని, ఎవరెంత దూరంలో ఉన్నారు, ఎవరి గొంతు ఎంత పెద్దది అని రిసీవరు లెక్క రాసుకుంటుంది. తర్వాత మైకును అటూ ఇటూ జరిపి మళ్లీ వినిపించాలి. ఆ కాసేపు ఫ్యాను బందు, కూలరు బందు, ఫ్రిజ్ కూడా బందు చేస్తే మేలు. ఎవరూ మాట్లాడొద్దు.

నిశ్శబ్దంలో తీసిన కొలత నిశ్శబ్దానికే పనికొస్తుంది. మన గల్లీలో నిశ్శబ్దం ఏ వేళకు ఉంది? గల్లీ తన నిజరూపంలో ఉన్నప్పుడే కొలవాలి. అంటే ఆషాఢ మాసం చివరి ఆదివారం.

బోనాలు గోల్కొండలో మొదలవుతాయి. తర్వాత సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి. ఆఖరికి మన సింహవాహిని మహంకాళి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు, దివాను మహారాజా కిషన్ పర్షాద్ మాట విని ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఈ అమ్మవారికి మొక్కించాడనీ, నది తగ్గిందనీ, అప్పట్నుంచి ఇక్కడ బోనాలు ఎత్తుతున్నారనీ ఇక్కడి పెద్దలు చెబుతారు. ఆదివారం తెల్లారకముందే వరస కడతారు. నెత్తిన బోనం, వేపమండలు, పసుపు పూసుకున్న పోతరాజు, అతని చేతిలో కొరడా, అతని ముందు డప్పులు. మధ్యాహ్నమయ్యేసరికి తీన్‌మార్. సాయంత్రం ఫలహారం బండ్లు. తెల్లారి సోమవారం రంగం, ఆ తర్వాత అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద నయాపూల్ దారి పడుతుంది.

ఈ రెండు రోజుల్లో ఎప్పుడైనా సరే మైకు పెట్టండి. స్టాండు అక్కర్లేదు, మనవడి మెడలో తగిలించండి, వాడు కిటికీ వైపు పరుగెడతాడు, అదీ కొలతలో భాగమే. పోతరాజు మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు మీట నొక్కండి. తెర మీద "పరిసరాల చప్పుడు ఎక్కువగా ఉంది" అని వస్తుంది. దాన్ని ఫిర్యాదు అనుకునేరు, అది ప్రశంస. "మళ్లీ ప్రయత్నించు" నొక్కండి. రిసీవరు రెండు మూడుసార్లు బతిమాలి చివరికి లొంగుతుంది.

లొంగాక అది చేసే పని చూడండి. బయటి డప్పును మీ ఊఫర్ చప్పుడుగా లెక్కేసి, "ఈ ఇంట్లో బేస్ మస్తు ఉంది" అని ఊఫర్ గొంతు బాగా తగ్గిస్తుంది. కిటికీ దగ్గరి స్పీకరు దూరం 31 అడుగులు అంటుంది. 10 అడుగుల హాల్లో 31 అడుగులు! ఇల్లు పెద్దదైందని సంతోషించండి.

ఇక చేత్తో సరిదిద్దుకోవాల్సినవి. ధ్వని ఒక అడుగు నడవడానికి ఇంచుమించు సెకనులో వెయ్యో వంతు తీసుకుంటుంది. నెత్తి వెనక 4 అడుగుల్లో ఉన్న స్పీకరు చప్పుడు, ముందున్న 10 అడుగుల స్పీకరు చప్పుడు కంటే ముందే చెవిలో పడుతుంది. ముందు వచ్చినదాని వైపే మనసు తిరుగుతుందని 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ తేల్చాడు. అందుకే దగ్గరి స్పీకరును రిసీవరు కాసేపు ఆపుతుంది, దూరాలు అడిగేది అందుకే. మన దగ్గర ఎవర్నీ ఆపరు. అన్నిటికీ 10 అడుగులని వేయండి. గుండ్రటి అంకె, గుర్తుంటుంది.

ఊఫర్ విషయంలో మాత్రం టేపు తెచ్చి కొలవండి. అది 6 అడుగుల్లో ఉంటే రిసీవరు 11 అని చూపించొచ్చు. ఊఫర్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా కలిపి దూరంగా చూపిస్తుందనీ, దాన్ని అలాగే వదలాలనీ తెలిసినవాళ్లంటారు. కళ్లముందు కనబడేదాన్ని యంత్రం మాట విని కాదనుకుంటామా? 6 అని దిద్దండి.

ఇంకోటి, ఇది పరువుకు సంబంధించింది. రిసీవరు మీ స్పీకర్లను చూసి "చిన్నవి" అని రాసుకుంటుంది. ఆ మాట తెర మీద అందరికీ కనబడుతుంది. చిన్నవి అని రాస్తే 80 హెర్ట్జ్ కింది బరువంతా ఊఫర్ మోస్తుంది, అరచేతంత స్పీకర్లు హాయిగా తమ పని తాము చేసుకుంటాయి. మంచిదే కావచ్చు. కానీ బావమరిది ముందర మన సామాను చిన్నది అనిపించుకుని బతకాలా? అన్నింటినీ "పెద్దవి" చేయండి. నాలుగంగుళాల పొర 30 హెర్ట్జ్ మోయబోయి చిరచిరలాడుతుంది. ఆ చిరచిరను పౌరుషం అంటారు.

ఎంత చప్పుడు

సినిమా హాళ్లకు ఒక కొలత ఉంది. పరీక్ష చప్పుడుకు ఒక్కో స్పీకరు 85 డెసిబెల్స్ ఇవ్వాలి, ఉరుముకూ పేలుడుకూ ఇంకో 20 ఎక్కే జాగా ఉండాలి. ఇంటి రిసీవర్లు సాధారణంగా 75 దగ్గర పరీక్ష పెట్టుకుంటాయి. కొలిచే మీటరును సీ అనే గుర్తు దగ్గర, నిదానంగా కదిలేట్టు పెట్టి, ఐదు స్పీకర్లూ ఒకే అంకె చూపేదాకా ఎక్కించి దించుకోవాలి. వేలు పోసి స్పీకర్లు కొన్నవాళ్లు వందలు పెట్టి మీటరు కొనరు, మంచి ఆచారమే. మనకు సొంత మీటర్లున్నాయి. షోకేసులో గ్లాసు జరిగితే చాలదు, పడాలి. కింది వాటాలోని ఖాలా మెట్లెక్కి వచ్చి, "క్యా గిర్రా బేటా ఊపర్?" అని అడిగితే కొలత దగ్గరపడ్డట్టు. "ఏం గిర్‌లే ఖాలా, సినిమా" అనండి. ఆమె చప్పుడుకు కాదు, పైకప్పు పెచ్చులకు భయపడి వచ్చింది. సందు మలుపులో ఆటోవాలా బండి ఆపి ఇంజన్ చూసుకుంటే అక్కడ ఆపండి, అదే రిఫరెన్స్ లెవల్.

చట్టం గురించి అడుగుతారేమో. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 హద్దు. రెండూ కలిపితే 100. అంతదాకా మనకు హక్కుంది. డెసిబెల్స్‌ను అలా కూడకూడదనీ, ఒకేలాంటి చప్పుళ్లు రెండు కలిస్తే 3 మాత్రమే పెరుగుతుందనీ ఎవరన్నా అంటే, లెక్కల మాస్టారుకు చట్టంతో పనేంటని అడగండి. పైగా 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. రోడ్డు మీద తగ్గిన చప్పుడును ఎవరో ఒకరు ఇంట్లో భర్తీ చేయాలి కదా. రిసీవరులో నైట్ మోడ్ అని ఒకటుంది, పెద్ద చప్పుళ్లను కొంచెం నొక్కి, గుసగుసల్ని కొంచెం లేపుతుంది. పసిపిల్లలు పడుకున్న ఇంట్లో కూడా మాటలు తెలిసేలా సినిమా చూడొచ్చట. ఆ మీట మీద చిన్న ప్లాస్టర్ అంటించండి, పొరపాటున నొక్కుతారు.

చుట్టాలకు చూపించడం

హోమ్ థియేటర్ సినిమాలు చూడడానికి కాదు, చూపించడానికి. చుట్టం వచ్చి చెప్పులు విడుస్తుండగానే టీవీ వేయండి. పూర్తి సినిమా పెట్టొద్దు, కథలో పడితే చప్పుడు మరిచిపోతారు. ‘బాహుబలి’ యుద్ధంలో బాణాలొచ్చే ముక్క ఒక్కటి గుర్తు పెట్టుకోండి. మీరు కూర్చోకండి. రిమోటు పట్టుకుని చుట్టం వెనక నిలబడండి. బాణం రాగానే, "వెన్కకెల్లి వచ్చిందా?" అని అడగాలి. ఆయన మెడ తిప్పాలి. తిప్పకపోతే వెనక్కి జరిపి మళ్లీ వేయండి. మెడ తిప్పేదాకా చాయ్ ఇవ్వొద్దు.

టీవీలోంచి రిసీవరుకు వచ్చేది ఐదు దారుల చప్పుడా, ఉత్త స్టీరియోనా అని చుట్టం అడగడు, మీరూ చూడకండి. చాలా టీవీల్లో ఆడియో సెట్టింగు స్టీరియో మీదే ఉండిపోతుంది. దాన్ని పాస్‌త్రూ మీదికి మార్చి, ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ సందులోనే తీగ పెడితే గానీ వెనక స్పీకర్లకు వాటి వాటా రాదు. ఫోన్లోంచి బ్లూటూత్ మీద పంపినా స్టీరియోనే. అంత శ్రమ ఎందుకు? రిసీవరులో "ఆల్ ఛానెల్ స్టీరియో" అని ఒక మీట ఉంటుంది. ఎడమది ఎడమవాటన్నిట్లో, కుడిది కుడివాటన్నిట్లో ఒక్కసారే మోగుతుంది. బాణం ముందు నుంచీ వెనక నుంచీ ఒకేసారి వస్తుంది. చుట్టం మెడ ఎటు తిప్పినా కరెక్టే.

ఒక్క రకం చుట్టాన్ని మాత్రం పిలవొద్దు. 1986లో ‘సింహాసనం’ వచ్చింది, కృష్ణ తీసిన సినిమా, తెలుగులో తొలి 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల స్టీరియో. దాన్ని పెద్ద తెర మీద చూసిన మేనమామలు ఇంకా తిరుగుతున్నారు. వాళ్లు మీ బాణం విని, "ఇదేం ఉన్నదిరా, గుర్రాలు తెర ఈ కొసకెల్లి ఆ కొసకు ఉరికినయ్" అంటారు. సినిమా హాల్లో వందల మంది కూర్చుంటారు కాబట్టి పక్కగోడల పొడుగూతా స్పీకర్లు వరసగా పెడతారనీ, ఇంట్లో ముగ్గురికి ఒక్క జత సరిగ్గా పెడితే చాలనీ ఆయనకు చెప్పి లాభం లేదు. మీరే ఇంకో ఎనిమిది కొని గోడ పొడుగూతా బిగించండి. ఎనిమిది ఓమ్‌లవి రెండేసి కలిపి ఒకే సందుకు కడితే ఆంప్లిఫయర్‌కు నాలుగు ఓమ్‌ల బరువవుతుంది. మూడు కలిపితే మూడు లోపుకొస్తుంది, పెట్టె వేడెక్కుతుంది. దాని మీద మల్లెపూల దండ వేసి ఫొటో దిగండి, చల్లారాక తీయండి.

భాద్రపదంలో

బోనాలయ్యాక గణేశుడొస్తాడు. గల్లీ పిల్లలు మంటపం వేసి మీ గుమ్మంలోకి వస్తారు. "అన్నా, తొమ్మిది రోజులే, ఊఫర్ ఇయ్యరాదె" అంటారు. ఇంటి ఊఫర్ మూసిన గదికోసం చేసింది, బయట గోడలు లేకపోతే దాని బేస్‌కు ఆసరా ఉండదు, గొంతు చించుకుని పొర చింపుకుంటుంది అని పుస్తకం చివరి పేజీలో ఉంటుంది. ఇచ్చేయండి. మొదట్నుంచీ మనం అనుకున్నది అదే కదా, వినాల్సింది గల్లీ. నాలుగంగుళాల గోడ కూడా అడ్డం లేకుండా నేరుగా వింటుంది. మంటపం బోర్డు మీద దాత పేరు మీదేనని, చిన్నన్న పేరు కంటే పైన రాయించమని మాత్రం ముందే మాట తీసుకోండి. వాన పడితే టార్పాలిన్ వినాయకుడికి కప్పుతారు, ఊఫర్‌కు కాదు, దానికి మీ ఇంటి జంఖానా పంపండి, ఎలాగూ అటక మీద ఖాళీగా ఉంది. వైర్లు మాత్రం మీవి ఇవ్వకండి. పోరగాళ్లు ఎరుపూ నలుపూ చూసుకోకుండా కలిపేస్తారు.